మే నెలలో మంచు, స్కీయింగ్: పెద్దవాళ్లతో జెర్మాట్ వెళ్లేవారికి నా సమాధానం

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. తిరుపతి నుంచి మే నెలలో స్విట్జర్లాండ్ వెళ్తున్నారు. మీరిద్దరూ, పదేళ్ల బాబు, బీపీ ఉన్న 66 ఏళ్ల నాన్నగారు, గుడ్డు కూడా ముట్టని 61 ఏళ్ల అమ్మగారు. ఏడాది పొడవునా స్కీయింగ్ ఉంటుందని జెర్మాట్ అనే కొండ ఊరి పేరు విన్నారు. మే నెలలో నిజంగా మంచు ఉంటుందా, లూసర్న్ నగరంలో ఉంటూ ఒక్కరోజులో చూసి రావచ్చా, పెద్దవాళ్లు తట్టుకోగలరా, మనం కూడా స్కీయింగ్ చేయగలమా అని అడిగారు. అమ్మగారికి ఒక్కసారి మంచు చేత్తో పట్టుకోవాలని ఉందని కూడా రాశారు.

మంచు ఉంటుంది, అందులో సందేహం లేదు. ఒక్కరోజు ట్రిప్ మాత్రం వద్దు. కనీసం రెండు రాత్రులు ఊళ్లోనే పడుకోండి. వీలైతే మే మధ్యలో కాకుండా నెలాఖరుకో జూన్ మొదటి వారానికో జరుపుకోండి. అన్నిటికన్నా పైనున్న కేబుల్ కార్ స్టేషన్‌కి నాన్నగారు వెళ్లాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాలి, నేను కాదు. స్కీయింగ్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, కింద రాస్తాను.

నేను తిరుపతిలోనే ఉంటాను. పన్నెండేళ్లుగా మన జిల్లాల వాళ్లను చిన్న గ్రూపులుగా యూరప్ తీసుకెళ్తున్నాను. జెర్మాట్‌కి తొమ్మిదిసార్లు వెళ్లాను. మొదటిసారి చేసిన తప్పు వల్లే ఈ సమాధానం ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆ తప్పేమిటో ముందు చెప్తాను. గ్రూపులో పదకొండు మంది. పొద్దున్నే లూసర్న్‌లో బయలుదేరి, మధ్యాహ్నానికి జెర్మాట్ చేరి, సామాను స్టేషన్ లాకర్లో పెట్టించి, నేరుగా కేబుల్ కార్ ఎక్కించేశాను. టైమ్ కలిసొస్తుందని నా లెక్క. పైన తలుపు తెరుచుకుని నాలుగడుగులు వేశామో లేదో, చిత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గోడ పట్టుకుని ఆగిపోయారు. పెదాలు పాలిపోయాయి. "నాయనా, ఊపిరి తీసుకుంటున్నా గానీ లోపలికి పోవడం లేదు" అన్నారు. కూర్చోబెట్టి, శాలువా కప్పి, తర్వాతి కేబుల్ కార్‌లోనే కిందికి దించాం. ట్రోకెనర్ స్టెగ్ అనే మధ్య స్టేషన్‌కి వచ్చేసరికి ముఖంలో కళ వచ్చింది. ఊళ్లోకి దిగాక టీ తాగి మామూలుగానే మాట్లాడారు. కానీ ఆ ఇరవై నిమిషాలు నేను ఈ జన్మలో మర్చిపోలేను.

మంచు సంగతి పక్కన పెట్టండి, అసలు సంగతి ఎత్తు. మన తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్లు. జెర్మాట్ ఊరే 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. మాటర్‌హార్న్ గ్లేసియర్ ప్యారడైజ్ అని పిలిచే పై చోటు 3,883 మీటర్లు. యూరప్‌లో కేబుల్ కార్ చేరే చోట్లలో అన్నిటికంటే ఎత్తైనది అదే. మన హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు కదా, అలాంటివి మూడు ఒకదాని మీద ఒకటి పేర్చినా అంత ఎత్తు రాదు. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. ఊళ్లోంచి అంత ఎత్తుకి గంటలోపే చేరిపోతాం. శరీరానికి సర్దుకునే వ్యవధి ఏదీ?

అలిపిరి నుంచి నడిచి ఎక్కేటప్పుడు మన పెద్దవాళ్లు గాలిగోపురం దగ్గర కూర్చుంటారు, మోకాళ్ల మెట్టు ముందు మళ్లీ ఆగుతారు. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఒళ్లే చెప్తుంది. కేబుల్ కార్‌లో ఆ సూచన అందదు. కూర్చుని వెళ్తాం కాబట్టి అలసట తెలియదు, తలుపు తెరుచుకున్నాకే తెలుస్తుంది. అందుకే మొదటి రాత్రి ఊళ్లో పడుకోవాలి, రెండో రోజు మధ్యస్థంగా ఉండే ఎత్తుకి వెళ్లాలి, మూడో రోజు ఒంట్లో బాగున్నవాళ్లు మాత్రమే పైకి వెళ్లాలి. ఆ మొదటి ట్రిప్ తర్వాత నేను ఈ వరుస ఎప్పుడూ తప్పలేదు, మళ్లీ ఎవర్నీ అలా దించాల్సిన పనీ రాలేదు.

పైకి వెళ్లే రోజు కూడా 2,939 మీటర్ల ట్రోకెనర్ స్టెగ్‌లో దిగి అరగంట ఉండండి. నీళ్లు బాగా తాగండి. పైన పరుగెత్తకండి, మెట్లు తొందరగా ఎక్కకండి. తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలైతే కూర్చుని చూద్దామనుకోవద్దు, దిగడమే మందు. నాన్నగారి బీపీ మాత్రలు సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో ఉండాలి. గుండెకి స్టెంట్ గానీ ఆస్తమా గానీ ఉంటే బయలుదేరే ముందే కార్డియాలజిస్టుని కలిసి "3,900 మీటర్ల దాకా వెళ్తున్నాం" అని అంకెతో సహా చెప్పండి. "కొండ ప్రాంతం" అని చెప్తే వాళ్లు ఊటీ లాంటిదనుకుంటారు.

ఇప్పుడు నెల సంగతి. మన పిల్లలకి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారంలో ముగుస్తాయి. తిరుపతిలో మే అంటే 42 డిగ్రీల ఎండ కాబట్టి అందరూ అప్పుడే బయల్దేరాలనుకుంటారు. కానీ జెర్మాట్‌లో ఏప్రిల్ చివరకి చలికాలపు సీజన్ అయిపోతుంది, వేసవి సీజన్ ఇంకా మొదలుకాదు. ఆ మధ్యలో చాలా హోటళ్లు, రెస్టారెంట్లు మూసేసి మరమ్మతులు చేసుకుంటారు, కొన్ని లిఫ్టులు కూడా ఆపుతారు. నాకు తెలిసిన ఒక జంట మే రెండో వారంలో గది చవకగా దొరికిందని వెళ్లారు. సాయంత్రం వీధిలో సగం షట్టర్లు దించి ఉన్నాయట, భోజనం కోసం ముప్పావు గంట తిరిగారట. కొండ బాగుంది గానీ ఊరు చూడలేకపోయామని బాధపడ్డారు. బాబు బడి తెరిచేలోపు తిరిగి రావాలంటే జూన్ మొదటి వారం మీకు సరిగ్గా సరిపోతుంది.

ఏడాది పొడవునా స్కీయింగ్ ఎలా అంటే, ఊళ్లో కాదు. జూన్‌లో ఊళ్లో పచ్చగడ్డి, పూలు ఉంటాయి, మధ్యాహ్నం స్వెట్టర్ కూడా తీసేస్తాం. స్కీయింగ్ జరిగేది పైన థియోడుల్ అనే హిమానీనదం, అంటే మంచు నది మీద. వేసవిలో లిఫ్టులు తెల్లవారుజామునే మొదలై మధ్యాహ్నానికల్లా ఆగిపోతాయి. రాత్రి చలికి మంచు గట్టిపడుతుంది, ఎండెక్కేకొద్దీ మెత్తబడి స్కీలు కూరుకుపోతాయి. అందుకే పదకొండింటికి తీరిగ్గా వెళ్తే స్కీయింగ్ చేసేవాళ్లు తిరిగొస్తూ ఎదురవుతారు.

ఇంకో మాట, ఇది కొంచెం బాధగానే చెప్తున్నాను. "365 రోజులు" అన్న మాట మునుపటంత గట్టిగా లేదు. 2022 వేసవిలో ఎండలు ముదిరి జెర్మాట్‌లో కూడా కొంతకాలం స్కీయింగ్ ఆపాల్సి వచ్చింది. 2022, 2023 రెండేళ్లలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాల్లో దాదాపు 10 శాతం మంచు కరిగిపోయింది. తొమ్మిది ట్రిప్పుల్లో నా కళ్లముందే తేడా కనిపించింది. గోర్నర్‌గ్రాట్ అనే కొండ మీద ఒకే రెయిలింగ్ దగ్గర నిలబడి తీసిన నా ఫొటోల్లో, మొదటి ఏడాది తెల్లగా ఉన్న అంచు ఇప్పుడు బూడిదరంగు రాళ్లు. మీ బాబుకి ఆ మంచు నది తప్పకుండా చూపించండి.

మనం స్కీయింగ్ చేయగలమా? వయసు అడ్డు కాదు, కానీ చోటు చూసుకోవాలి. వేసవిలో ఆ హిమానీనదం మీద ఎక్కువగా కనిపించేది పోటీలకి సాధన చేసే జట్లు. బొత్తిగా కొత్తవాళ్లకి అది అనువైన చోటు కాదు. స్కీయింగ్ నేర్చుకోవడమే మీ ముఖ్యమైన కోరికైతే మార్చిలో వెళ్లండి. అప్పుడు 2,288 మీటర్ల ఎత్తున్న సున్నెగా దగ్గర పిల్లలకి, కొత్తవాళ్లకి చదునైన చోటు ఉంటుంది, అక్కడికి కొండ లోపల సొరంగంలో నడిచే రైలు ఉంది. జూన్‌లోనే ప్రయత్నించాలంటే స్కీ స్కూల్ నుంచి ఒక శిక్షకుణ్ణి ఒక పూటకి మాట్లాడుకోండి, సొంతంగా దిగకండి. హిమానీనదంలో మంచు కింద కనిపించని లోతైన పగుళ్లు ఉంటాయి. కర్రలు పాతి గుర్తుపెట్టిన దారి దాటి ఒక్క అడుగు కూడా వేయకూడదు.

నేను నలభై రెండేళ్లకి నేర్చుకున్నాను. స్కీ బూటు వేసుకోవడమే సగం పాఠం. గట్టి ప్లాస్టిక్ బూటులో చీలమండ కదలదు, మోకాలి కింద కాలు ముందుకి వాలి ఉంటుంది, మామూలుగా నడుద్దామంటే కుదరదు. రెండు జతల సాక్సులు వేసుకుంటే వెచ్చగా ఉంటుందనుకున్నాను, ముడత పడ్డచోట గంటలో బొబ్బలెక్కాయి. పలుచని ఉన్ని సాక్స్ ఒక్క జత చాలు. శిక్షకుడు మొదట నేర్పేది ఆగడం. స్కీల ముందు కొనలు రెండూ దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టి లోపలి అంచుల మీద బరువు వేయాలి. భయమేస్తే ఒళ్లు వెనక్కి వాలుతుంది, వాలగానే వేగం పెరుగుతుంది. ముందుకి వంగాలి. అది మనసుకి ఒప్పదు, కానీ ఒకసారి వంగి ఆగగలిగితే ఇక ఆ ఆనందం వేరు. పడబోతున్నామనిపిస్తే పక్కకి పడాలి. పిల్లలు దీన్ని మనకంటే తొందరగా పట్టేస్తారు.

ఇన్సూరెన్స్ కాగితం ఇక్కడ చాలా ముఖ్యం. వీసా కోసం తీసుకునే 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి స్కీయింగ్ వర్తించదు. "వింటర్ స్పోర్ట్స్" కవర్ అవుతుందా అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అక్కడ దెబ్బ తగిలితే కొండ మీదికి హెలికాప్టరే వస్తుంది, ఆ బిల్లు మనం మోయలేం.

స్కీయింగ్ వద్దనుకున్నా బాబుకి లోటేమీ ఉండదు. గ్లేసియర్ ప్యారడైజ్ దగ్గర హిమానీనదం లోపల, ఉపరితలానికి 15 మీటర్ల కింద తొలిచిన మంచు గుహ ఉంది. గోడలు నీలంగా ఉంటాయి, చెవి ఆనిస్తే నిశ్శబ్దం.

రెండో రోజు మధ్యస్థంగా ఉండే ఎత్తుకి వెళ్లాలన్నాను కదా, అది గోర్నర్‌గ్రాట్. నా దృష్టిలో పెద్దవాళ్లకి అదే అసలు యాత్ర. 1898లో మొదలైన పళ్లచక్రాల రైలు, స్విట్జర్లాండ్‌లో మొట్టమొదటి విద్యుత్ కాగ్ రైలు అదే. ఊరి స్టేషన్ ఎదుట ఎక్కితే 33 నిమిషాల్లో 3,089 మీటర్లకి చేరుస్తుంది. ఎక్కేటప్పుడు కుడివైపు కూర్చోండి, మాటర్‌హార్న్ శిఖరం ఆ పక్కనే కనిపిస్తూ వస్తుంది. పైన 4,000 మీటర్లు దాటిన శిఖరాలు 29 చుట్టూ నిలబడి ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో అన్నిటికన్నా ఎత్తైన 4,634 మీటర్ల డుఫోర్‌ష్పిట్జె కూడా ఎదురుగానే. బెంచీలు ఉన్నాయి, లిఫ్ట్ ఉంది, టాయిలెట్లు శుభ్రంగా ఉంటాయి. ఊపిరి ఇబ్బందిగా అనిపిస్తే తర్వాతి రైలెక్కి ఒకటి రెండు స్టేషన్లు దిగిపోవచ్చు, ఈ వెసులుబాటు కేబుల్ కార్‌లో అంతగా ఉండదు.

టికెట్ ముందురోజే కొనకండి. పొద్దున లేవగానే హోటల్లో టీవీలోనో ఫోన్లోనో పైన పెట్టిన కెమెరాల లైవ్ దృశ్యం చూడండి. ఊళ్లో ఎండగా ఉన్నా పైన మబ్బు కమ్మి ఉండొచ్చు, ఒక్కోసారి కింద మబ్బుండి పైన తేటగా ఉంటుంది. ఒక ట్రిప్‌లో మొదటి రోజంతా మాటర్‌హార్న్ ఉందన్న ఆనవాలే లేదు. మర్నాడు తెల్లవారుజామున చర్చి దగ్గర వంతెన మీదికి అందర్నీ లేపి తీసుకెళ్లాను. సూర్యుడు మా వైపు ఇంకా రాలేదు, కింద నది చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందు శిఖరం కొన మాత్రం ఎర్రగా అంటుకుంది, తర్వాత ఆ వెలుగు నెమ్మదిగా కిందికి జారి కొండంతా పసుపు రంగు పట్టింది. పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. పాకాల నుంచి వచ్చిన ఒక తాతగారు చేతులు జోడించారు. ఒక్కరోజు ట్రిప్ వద్దని నేనింతగా చెప్పడానికి ఇది కూడా కారణం.

పైగా లూసర్న్ నుంచి ఒక వైపుకే రైల్లో మూడు గంటలకి పైగా పడుతుంది. జెర్మాట్‌లోకి పెట్రోలు, డీజిలు కార్లని రానివ్వరు. రోడ్డు మీద వస్తే 5 కిలోమీటర్ల ముందు టేష్ అనే ఊళ్లో బండి ఆపి, 12 నిమిషాల షటిల్ రైలెక్కాలి. మీరు జ్యూరిచ్‌లో దిగి విస్ప్ స్టేషన్‌లో మారి రైల్లోనే రావడం సుఖం, సుమారు మూడున్నర గంటలు. ఊళ్లో చిన్న డబ్బాల్లాంటి ఎలక్ట్రిక్ బండ్లు తిరుగుతాయి, హోటల్‌కి ముందే చెప్తే చాలా హోటళ్లు స్టేషన్‌కి బండి పంపిస్తాయి. ఆ బండ్లు చప్పుడు లేకుండా వెనకనుంచి వస్తాయి, బాబు చెయ్యి పట్టుకోండి.

ఊరిని తొందరపడి దాటేయకండి. పెద్ద వీధి వాచీల షాపులతో నిండి ఉంటుంది, అది కాదు. దాని వెనకే హింటర్‌డోర్ఫ్ అని పాత పేట ఉంది. ఎండకి నల్లబడిన లార్చ్ చెక్కతో కట్టిన ఇళ్లు, ధాన్యం దాచుకునే కొట్టాలు. ఒక్కో కొట్టం కింద నిలువు దుంగలు, ప్రతి దుంగకీ కొట్టానికీ మధ్య తిరగలి రాయంత వెడల్పున్న గుండ్రటి పలక. ఎలుక దుంగ పట్టుకుని ఎక్కినా ఆ పలక అంచు దాటి పైకి పాకలేదు. మా అమ్మ ఆ రాయిని కిందినుంచి తడిమి చూసి, వాళ్ల పుట్టింట్లో గరిసె ఎలా కట్టేవారో, ఎలుకల బాధ ఎంతుండేదో అరగంట చెప్పింది. చర్చి పక్కన మ్యూజియంలో తెగిన తాడు ముక్క ఒకటి ఉంది. 1865 జులై 14న ఎడ్వర్డ్ వింపర్ అనే ఆంగ్లేయుడితో సహా ఏడుగురు మొట్టమొదటిసారి 4,478 మీటర్ల మాటర్‌హార్న్ ఎక్కారు. దిగేటప్పుడు ఆ తాడు తెగి నలుగురు చనిపోయారు. బాబుకి ఆ కథ చెప్పి తర్వాత కొండని చూపించండి, వేరేగా చూస్తాడు.

అమ్మగారి భోజనం గురించి. బంగాళాదుంప తురిమి వేయించే రోస్టీ దొరుకుతుంది, కానీ చాలాచోట్ల అందులో పందిమాంసం ముక్కలు వేస్తారు, ముందే అడగాలి. కరిగించిన చీజులో బ్రెడ్ ముంచుకుని తినే ఫోండ్యూలో వైట్ వైన్ పోస్తారు. పేరున్న గ్రుయేర్, ఎమ్మెంటల్ చీజుల్లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. గుడ్డు కూడా ముట్టని వాళ్లకి ఇది ఎవరూ చెప్పరు, అందుకే చెప్తున్నాను. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. చిన్న రైస్ కుక్కర్, బియ్యం, కందిపొడి, ఊరగాయ, చిత్రాన్నం పొడి పట్టుకెళ్లండి. పెరుగు, పాలు, కూరగాయలు స్టేషన్ ఎదుట సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి, అక్కడి పెరుగు పులుపు తక్కువ, మనవాళ్లకి బాగానే నచ్చుతుంది. నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు పెట్టెలో పెట్టకండి, మన దేశం నుంచి పాల పదార్థాలు, పచ్చి ఆకులు, పళ్లు అక్కడికి తీసుకెళ్లకూడదు. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు కొని డబ్బు తగలేయొద్దు. ఫ్రాంక్ వంద రూపాయలు దాటింది కదా.

పాస్‌ల సంగతి త్వరగా చెప్తాను. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే జెర్మాట్ దాకా రైలు అందులోనే వస్తుంది, ఆపైన గోర్నర్‌గ్రాట్‌కి, గ్లేసియర్ ప్యారడైజ్‌కి సగం ధర. పాస్‌తో పాటు ఫ్యామిలీ కార్డు ఉచితంగా అడగండి, తల్లిదండ్రులతో వచ్చే 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకి రైలు టికెట్ అక్కర్లేదు.

వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. మే, జూన్ స్లాట్ల కోసం చాలా పోటీ ఉంటుంది, టెన్షన్ పడకుండా ఫిబ్రవరిలోనే తెమల్చుకోండి. మనకి చెన్నై దగ్గర, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. బాబుకి పన్నెండేళ్లు నిండలేదు కాబట్టి వేలిముద్రలు అక్కర్లేదు. పెద్దవాళ్ల పాస్‌పోర్టులు తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటులో ఉండాలి, ఈరోజే తీసి చూడండి.

బట్టలు: ఒకే లావు కోటు కంటే పొరలు పొరలుగా వేసుకోవడం మేలు. ఒంటికి ఆనుకునేది పత్తి బనీను కాకూడదు, చెమట పట్టి తడిస్తే వణుకు పుడుతుంది. అమ్మగారు చీర కట్టుకుంటానంటే కట్టుకోనివ్వండి, లోపల థర్మల్ ప్యాంటు, కాళ్లకి పట్టున్న బూట్లు ఉంటే చాలు. నల్ల కళ్లద్దాలు ఐదుగురికీ ఉండాలి. మంచు మీద ఎండ కిందినుంచి కూడా కొడుతుంది, కళ్లు మండి రాత్రంతా నీళ్లు కారతాయి.

ఇక అమ్మగారి కోరిక. దానికోసం 3,883 మీటర్లకి వెళ్లనక్కర్లేదు. గోర్నర్‌గ్రాట్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఒక స్టేషన్ కింద, 2,815 మీటర్ల రోటెన్‌బోడెన్ దగ్గర దిగండి. జూన్ మొదటి వారంలో నీడ పట్టున మంచు ఇంకా మిగిలి ఉంటుంది. కొంచెం కిందికి నడిస్తే రిఫెల్‌సే అనే చిన్న చెరువు, గాలి లేకపోతే మాటర్‌హార్న్ అందులో తలకిందులుగా కనిపిస్తుంది. దారి జారుడుగా ఉంటే చెరువు దాకా పోకుండా స్టేషన్ పక్కనే ఆగిపోండి. మంచు పట్టుకునేటప్పుడు ముందు గ్లోవ్స్‌తో తీసుకుని, తర్వాత ఒక్క క్షణం ఒట్టి చేత్తో తాకమనండి. చంద్రగిరి నుంచి వచ్చిన ఒక పాప ఒట్టి చేతులతో ముద్దలు చేస్తూ కూర్చుని, వేళ్లు కొంకర్లు పోయి గట్టిగా ఏడ్చింది. గోరువెచ్చని నీళ్ల సీసా ఒకటి సంచిలో ఉంచుకోండి, వేళ్లకి ఆనిస్తే చాలు.

నాన్నగారి బీపీ తప్ప ఇంకేమైనా ఉందా, మీ తేదీలేమిటి అన్నది కింద రాయండి. ఏ రోజు ఎక్కడ పడుకోవాలో వరుస వేసి చెప్తాను.